మాట లేకపోతే దారి ఉన్నట్టే

మాస్టరు సైకిలుకి వెనక కూడా కళ్ళుండేవి. అవి ఆయన భార్యవి.

ఆస్పత్రులకీ హోటళ్ళకీ యూనిఫారాలు కుట్టిచ్చే ఒక వర్క్‌షాపులో ఆయన కటింగ్ మాస్టరు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు, మందుల షాపులో కూడా ఆయన మాస్టరే. ఆవిడ అదే వర్క్‌షాపులో కాజాలు కుట్టేది. మిషను మీద కాజా చిటికెలో అయిపోతుంది గానీ, పెద్ద డాక్టర్ల కోట్లకి చేత్తో కుట్టిన కాజాలే ఉండాలని యజమానురాలు మేడమ్ పట్టుదల. అందుకని ఆవిడ అందరికీ కాజాలక్క అయిపోయింది. పొద్దున్నే ఇద్దరూ ఒకే సైకిలు మీద బయల్దేరేవాళ్ళు. ఆయన తొక్కేవాడు. ఆవిడ వెనక క్యారియరు మీద ఒక పక్కకి తిరిగి కూర్చునేది, కత్తిరించగా మిగిలిన గుడ్డ పీలికలు కుక్కి కుట్టుకున్న చిన్న మెత్త మీద.

ఇంట్లో పనులు పంచుకున్నట్టే వాళ్ళు రోడ్డుని కూడా పంచుకున్నారు. ముందుది ఆయనది, వెనకది ఆవిడది. వెనక బండి వస్తే ఆవిడ "వస్తోంది" అనేది. దాటి వెళ్ళిపోతే "పోయింది" అనేది. ఏమీ అనకపోతే వెనక ఏమీ లేదని అర్థం. మాట లేకపోతే దారి ఉన్నట్టే. ఈ ఒప్పందం ఇద్దరూ కూర్చుని చేసుకున్నది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి లారీని చూసి హడలిపోయి ఆవిడ "వస్తోంది, వస్తోంది" అని అరిచింది, ఆ రోజు మొదలైంది అలా సాగిపోయింది.

అది ఒక్కటే మాట అనుకుంటే పొరపాటు. లారీకి ఒక "వస్తోంది", బస్సుకి ఇంకో "వస్తోంది". మోటారు సైకిలు మీద ఈలలు వేసుకుంటూ వచ్చే కుర్రాళ్ళకైతే అందులో సగం తిట్టు కలిసి ఉండేది. తమలాగే మెల్లగా వచ్చే ఇంకో సైకిలైతే మాటని సాగదీసేది, పాపం అతన్నీ పోనివ్వండి అన్నట్టు. మాస్టరు తల తిప్పకుండానే వెనక వచ్చేదేమిటో చెప్పగలిగేవాడు. మలుపు దగ్గర చెయ్యి చాపి చూపించే అలవాటు కూడా ఆయనకి లేదు. ఆ చెయ్యి కూడా ఆవిడదే.

అయినా కోతలకి మాత్రం లోటు లేదు. "ఇన్నేళ్ళ నుంచీ తొక్కుతున్నాను, నా సైకిలుకి ఒక్క గీత పడిందేమో చూపించండి" అని టీ తాగే వేళ అందరికీ వినిపించేవాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ ముసిముసిగా నవ్వుకునేది. నలుగురిలో మొగుడి గాలి తీసే రకం కాదు ఆవిడ. ఇంటికెళ్ళాక తీసేది.

బల్ల దగ్గర మాత్రం ఆయన నిజంగానే జాగ్రత్త మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. గుడ్డని పొరలు పొరలుగా పరిచి, చాక్‌తో గీతలు గీసి, కత్తెర అందుకునే ముందు అరచెయ్యి గుడ్డ మీద ఆనించి ఒక ఊపిరి సేపు ఆగేవాడు. ఏ పొర ఎటు జారిందో, ముడత ఎక్కడుందో చేతికి తెలియాలి. ఆ క్షణంలో మేడమ్ వచ్చి నిలబడినా కన్నెత్తి చూసేవాడు కాదు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ మనిషే ఏదో ఆలోచనలో పడి తొక్కుకుంటూ పోయేవాడు. వెనక ఆవిడ ఉందిగా.

ఇంతలో తువ్వాలు గొడవ వచ్చింది.

ఆదివారం ఆయన సైకిలు గొలుసు తుడిచి నూనె పెడతాడు, టైర్లు వేలితో నొక్కి చూస్తాడు. సైకిలుకి సంబంధించి ఆయనకున్న మంచి అలవాటు అదొక్కటే. ఆ ఆదివారం తుడవడానికి చేతికి గుడ్డ దొరకలేదు. పగలంతా గుడ్డ పీలికల మధ్య బతికే మనిషికి పాత గుడ్డ దొరకలేదంటే ఎవరు నమ్ముతారు? ఆవిడా నమ్మలేదు. ఆయన చేతిలో ఉన్నది కూతురు మొదటి జీతంతో కొనిచ్చిన తెల్ల తువ్వాలు. ఎవరైనా వస్తే తీద్దామని ఆవిడ దాన్ని బీరువాలో దాచి, ఎవరొచ్చినా తీయకుండా ఏళ్ళ తరబడి కాపాడింది. ఆ ఉదయమే ఎండ తగలనిద్దామని బయట ఆరేసింది. ఇప్పుడది ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి జిడ్డు.

ఆవిడ అరవలేదు. వాళ్ళింట్లో కోపానికి వేరే పద్ధతి ఉంది. ఆవిడ అలిగితే నోరు కట్టేసుకుంటుంది. అదైనా రాత్రి భోజనం దాకానే. కంచం ముందు పెట్టి "ఉప్పు సరిపోయిందా?" అని అడిగిందంటే గొడవ తీరినట్టు. ఆయన "సరిపోయింది" అనాలి, సరిపోకపోయినా సరే. ఎంత పెద్ద గొడవైనా ఇన్నేళ్ళలో ఆ పూట దాటి నిలవలేదు. ఆ రాత్రి మాత్రం ఆవిడ ఉప్పు మాట ఎత్తలేదు. తువ్వాలు కదా, ఇంకో పూట పడుతుందిలే అనుకుని మాస్టరు నిద్రపోయాడు.

సోమవారం పొద్దున్న ఆవిడ మూతి ముడుచుకునే వచ్చి వెనక కూర్చుంది. దారి పొడుగునా ఉలుకూ పలుకూ లేదు. అలక వల్లనే పలకడం లేదని ఆయనకి తెలుసు. కానీ వెనక నుంచి మాట రాకపోతే దారి ఉన్నట్టేనని కాళ్ళకీ చేతులకీ అలవాటైపోయింది. పెట్రోలు బంకు దగ్గర మలుపొచ్చింది. మాట లేదు. హ్యాండిలు తిప్పేశాడు.

రొట్టెలు తీసుకెళ్ళే వ్యాను వెనక చక్రాన్ని రాసుకుంటూ వచ్చింది. ఆవిడ చెయ్యి ఆనించి పడింది, కుడి మణికట్టు విరిగింది. ఆయనకి మోచెయ్యి గీరుకుపోయిందంతే. వ్యాను అతను దిగి "చెయ్యైనా చూపించలేదు సార్, చెయ్యైనా చూపించలేదు" అని అదే మాట అంటూ ఉన్నాడు. అతనే ఇద్దర్నీ ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వ్యాను నిండా వేడి రొట్టెల వాసన. మాస్టరుకి ఆ వాసన గుర్తుంది. భయపడ్డట్టు మాత్రం గుర్తులేదు.

ఆ తర్వాత కూడా ఆయనకి ఏమీ అనిపించలేదు. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, నిజం. టీ నోట్లో పోసుకుంటే వేడిగా ఉందో చల్లారిందో తెలిసేది కాదు. పక్కింటివాళ్ళు పరామర్శకి వస్తే కుర్చీలు వేశాడు, అడిగిందానికి జవాబు చెప్పాడు, వాళ్ళు వెళ్ళాక కుర్చీలు తీశాడు. ఆవిడ చేతికి కట్టు. కుడిచెయ్యి కాబట్టి జుట్టు దువ్వాలన్నా ఆయనే దువ్వాలి. దువ్వాడు, కటింగ్ బల్ల మీద గుడ్డ సరిచేసినంత శ్రద్ధగా, అంతే మౌనంగా.

మాటల్లేవని కాదు, ఉన్నాయి. "మందు వేసుకున్నావా?" "వేసుకున్నానండీ." "నీళ్ళు పెట్టనా?" "వద్దులెండి." ఆస్పత్రిలో పక్కపక్క మంచాలవాళ్ళు ఇలాగే మాట్లాడుకుంటారు. వంట ఆయనే చేస్తున్నాడు కాబట్టి, ఉప్పు గురించి అడగాల్సింది ఇప్పుడు ఎవరో కూడా తేలలేదు. దాంతో తువ్వాలు గొడవ తీరకుండా అలాగే ఉండిపోయింది. జిడ్డు తువ్వాలు కూడా సైకిలు పెట్టే చోట మేకుకి వేలాడుతూ అట్టకట్టి ఉండిపోయింది.

ఆయన లోపల ఒకే ఒక ప్రశ్న. ఆవిడ ఆ వ్యానుని చూసిందా? చూడలేదంటే సరే, ఎవరికైనా జరుగుతుంది. చూసి కూడా పలకలేదంటే? అడుగుదామని రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మంచం పక్కన నిలబడి నీళ్ళు నమిలి, చివరికి "కిటికీ తియ్యనా?" అని అడిగాడు. ఆవిడ కూడా ఒక్కోసారి ఏదో అడగబోయినట్టు ఆయన వైపు చూసేది. తర్వాత కిటికీ వైపు చూసేది.

వర్క్‌షాపులో కొన్నాళ్ళు బాగానే నెట్టుకొచ్చాడు. తర్వాత ఒకరోజు చేతులు కుట్టే మిషను దగ్గర నవ్వులు వినపడ్డాయి. నర్సుల చొక్కాలకి కత్తిరించిన చేతులన్నీ ఎడమవే. గుడ్డని మడిచి పరిస్తే ఒకటి కుడీ ఒకటి ఎడమా వస్తాయి. మడవకుండా అన్ని పొరలూ ఒకే వైపుకి పరిచేసి కోసుకుంటూ పోయాడు. కొత్తగా చేరినవాడు చేసే తప్పు. మేడమ్ ఒక చెయ్యి తీసి పట్టుకుని చూసి, "ఈ ఆస్పత్రిలో నర్సులెవరికీ కుడిచేతులు లేవా మాస్టారూ?" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, నవ్వాలి కాబట్టి. కత్తెర అందుకునే ముందు అరచెయ్యి గుడ్డ మీద పెట్టాడో లేదో ఆయనకి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మేడమ్ నోరు కరుకే గానీ మనిషి మంచిది. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, "కాజాలక్కకి కట్టు విప్పేశారటగా. ఈ సోమవారం కాక పై సోమవారం నుంచి రమ్మనండి. తొందరేం లేదు, ఒక్కో కాజా మెల్లగా కుట్టుకోమనండి" అంది.

"చెబుతాను మేడమ్" అన్నాడు ఆయన.

చెప్పడం సులువే. ఎలా వస్తుందన్నదే ఎవరూ అడగని సంగతి. ఆ దారిలో బస్సు లేదు. నడిచే దూరం కాదు. సైకిలే ఉంది.

శనివారం కూతురు వచ్చింది, పెద్ద సంచీతో. సంచీలోంచి ఒక హెల్మెట్టు, హ్యాండిలుకి బిగించుకునే అద్దం, వెనక మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు, వెలుతురు పడితే మెరిసే జాకెట్టు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. పెళ్ళికి నగలు చూపించినట్టు చూపించింది.

"ఇవన్నీ నీకు నాన్నా. ఇంక నీ ఇష్టానికి తొక్కడం కుదరదు."

"అలాగే" అన్నాడు.

"అమ్మ మాత్రం సైకిలెక్కదు. మా వీధి చివర ఒక కుట్టు షాపుంది, కాజాలకి మనిషి కావాలంటున్నారు. మా ఇంట్లోనే ఉంటుంది. ఆదివారాలు ఇక్కడికొస్తుంది." తల్లి వైపు తిరిగి, "ఏమ్మా?" అంది.

ఆవిడ ఎడమచేత్తో కుడి మణికట్టు నిమురుకుంటూ ఆయన వైపు చూసింది. "మీరేమంటారు?"

"నీ ఇష్టం" అన్నాడు మాస్టరు.

"సరే, చూద్దాం" అంది ఆవిడ.

ఈ రెండు మాటలూ వినడానికి ఎంత మర్యాదగా ఉన్నాయో! గొంతు చించుకుని పోట్లాడుకుని ఉంటే ఆ ఇంటికి కాస్త ప్రాణం వచ్చేది. కూతురు వచ్చే వారం దాకా గడువిచ్చి వెళ్ళిపోయింది. ఆవిడ నాలుగు జతల బట్టలు మడిచి చిన్న సంచీలో పెట్టి తలుపు పక్కన ఉంచింది. ఆయన ఆ సంచీని రోజూ దాటుకుని వెళ్ళేవాడు. తడబడలేదు, తిట్టుకోలేదు, బాధ కూడా పడలేదు. అక్కడ సంచీ ఉంది, అంతే.

అద్దం మాత్రం బిగించుకున్నాడు. బిగించి తొక్కబోతే అందులో వెనక క్యారియరూ, దాని మీద ఖాళీ మెత్తా కనిపించాయి. కాసేపు చూసి, అద్దాన్ని పైకి తిప్పేశాడు.

ఆ వారంలోనే బ్రేకు పట్టీలు మార్పించుకోవడానికి సైకిలు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. సైకిలు డాక్టరంటే వీధి మలుపులో చిన్న రేకుల షెడ్డులో సైకిళ్ళు బాగుచేసే పెద్దమనిషి. ఏ సైకిలు తెచ్చినా ముందు గంట కొట్టి, దానికి చెవి ఆనించి వింటాడు, అందుకే ఆ పేరు. అద్దం చూసి ఆగిపోయాడు.

"ఏం మాస్టారూ, లారీలు ఆకాశంలోంచి వస్తున్నాయా ఈమధ్య?"

మాస్టరు అద్దాన్ని కిందికి తిప్పబోయాడు.

"పోనీ అద్దం వదిలెయ్యండి. ఒక్కసారి వెనక్కి చూడండి, చూద్దాం."

మాస్టరు చూడబోయాడు. మెడ సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. సైకిలు డాక్టరు పాత గొలుసు కింద పడేసి పకపకా నవ్వాడు. "మీ మెడ పెళ్ళైన రోజే బిగిసిపోయినట్టుంది. రేపు పొద్దున్న గోడౌను వెనక ఖాళీ స్థలానికి రండి. మెడకి నూనె పెడదాం."

వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడంటే, రమ్మన్నారు కాబట్టి వెళ్ళాడు. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా చేసేవాడు.

సైకిలు డాక్టరు నేర్పే పద్ధతి ఇది. మాస్టరు ముందుకి తొక్కుకుంటూ పోవాలి. ఆయన వెనక నిలబడి కొన్ని వేళ్ళు చూపిస్తాడు. సైకిలు వంకర పోకుండా వెనక్కి చూసి ఎన్ని వేళ్ళో చెప్పాలి. మొదటిసారి మెడతో పాటు హ్యాండిలు కూడా తిరిగింది, గోనె సంచుల మీదికి పోయి పడ్డాడు. రెండోసారి చూశాడు గానీ చెప్పే లోపు గోడ వచ్చింది. మూడోసారి, "నాలుగు!" అని అరిచాడు.

"తప్పు. నాలుగున్నర" అన్నాడు సైకిలు డాక్టరు. చిటికెన వేలు సగం గొలుసులో పడి ఎప్పుడో పోయిందట. ఈ జోకు ఆయన ప్రతివాడి మీదా వేస్తాడని తర్వాత తెలిసింది.

"నడుం తిప్పకండి, గడ్డం భుజానికి తగిలిస్తే చాలు" అనేవాడు. "ముందు చూపు. తర్వాత చెయ్యి. మళ్ళీ చూపు. ఆ తర్వాతే మలుపు. మీరు చెయ్యి చూపించినంత మాత్రాన వెనకవాడు ఆగాలని రూలేం లేదు, వాడు చూశాడని మీరు చూడాలి." ఆగి ఉన్న కార్ల పక్క నుంచి పోయేటప్పుడు తలుపు తెరుచుకునేంత జాగా వదలమన్నాడు. బయల్దేరే ముందు బ్రేకు రెండు వైపులా నొక్కి చూడమన్నాడు. "ఎక్కేటప్పుడే బుర్రని కూడా ఎక్కించుకోండి. చాలామంది దాన్ని ఇంట్లో పెట్టి వస్తారు."

ఆ మాటకి మాస్టరుకి కటింగ్ బల్ల గుర్తొచ్చింది. మర్నాడు సైకిలెక్కే ముందు సీటు మీద అరచెయ్యి పెట్టి, ఒక ఊపిరి సేపు ఆగాడు. కాస్త సిగ్గేసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని. కానీ ఆ రోజు దారిలో మురుక్కాలవ మీద మూత లేదని కనిపించింది. చాకలి షాపు ముందు కంకర చిమ్మి ఉందని కనిపించింది. పసుపు గోడల బడి ఒకటి ఉందని కనిపించింది. అది కొత్తగా కట్టిందేమో అనుకుని గోడ మీద రాసిన ఏడాది చూస్తే, ఆయన పెళ్ళికంటే ముందుది.

పని మాత్రం ఒక్కచోట అడ్డం తిరిగింది. వెనక్కి చూడటం వచ్చింది, చూసిన ప్రతిసారీ ఆ ఖాళీ మెత్త కూడా కనపడటం మొదలైంది. చూడగానే తల ముందుకి తిరిగిపోయేది, వేళ్ళు లెక్కపెట్టేలోపే. సైకిలు డాక్టరు రెండు రోజులు గమనించాడు.

"ఆ మెత్త విప్పేద్దామా మాస్టారూ? అడ్డం పడుతున్నట్టుంది."

"వద్దు" అన్నాడు మాస్టరు. గొంతు ఎందుకంత గట్టిగా వచ్చిందో ఆయనకే తెలియలేదు. "ఉండనివ్వండి. దాన్ని ముట్టుకోకండి." బ్రేకు పట్టుకుని నిలబడ్డాడు. అన్ని రోజుల తర్వాత ఆయనకి బాధ కలిగింది. అది బాగా నొప్పి పెట్టింది కూడా. సైకిలు డాక్టరు జోకు వెయ్యలేదు, పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన మేకు మీంచి తువ్వాలు తీశాడు. పెరట్లో కూర్చుని ముందు కిరసనాయిలు, తర్వాత సబ్బు, తర్వాత వేడినీళ్ళు పోసి ఉతికాడు. జిడ్డు నలుపు పోయి బూడిద రంగైంది. బూడిద రంగు మాత్రం ఎంత రుద్దినా కదల్లేదు. రుద్దుతూనే ఉన్నాడు.

"అది పోదు" అని వెనక నుంచి వినిపించింది.

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన తల తిప్పాడు. గడ్డం భుజానికి తగిలింది. ఆయన ముఖం ఎలా ఉందో గానీ, ఆవిడ వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది.

"చూశావా?" అని అడిగాడు. అడగాలనుకుని అడిగింది కాదు. చేతిలో తువ్వాలు ఉండగా దానంతటదే వచ్చేసింది. "ఆ రోజు. వ్యానుని చూశావా?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మాట లేకపోతే ఏమీ లేనట్టే అని ఆయన ఈసారి అనుకోలేదు. ఆగాడు.

"చూశాను" అంది. "బంకు దాటకముందే చూశాను. నోటి దాకా వచ్చింది. ముందు మీరే ఏదైనా మాట్లాడతారేమో, వెనకేమైనా ఉందా అని ఒక్కమాట అడుగుతారేమో, అప్పుడు చెబుదామని..." కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని వైపు చూసుకుంది. "ఒక్క క్షణమేనండీ. తువ్వాలు కోసం. మిమ్మల్ని చంపేసేదాన్ని."

మాస్టరు తువ్వాలు నీళ్ళలోకి వదిలేశాడు. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. కన్నీళ్ళొచ్చాయి. సబ్బు చేతులతో తుడుచుకోబోయి కళ్ళు మండించుకున్నాడు.

"నువ్వలిగావని నాకు తెలుసు కదే" అన్నాడు. "అలిగినప్పుడు పలకవనీ తెలుసు. తెలిసి తెలిసి దారి ఉందనుకున్నాను. ఒక్కసారి మెడ తిప్పితే పోయేది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తిప్పలేదు. నీ చెయ్యి విరగ్గొట్టింది నేను."

"మీరు ఎప్పుడడుగుతారా అని చూస్తున్నాను ఇన్ని రోజులూ."

"నేను కిటికీ గురించే అడిగాను."

"అవును. ఆ కిటికీ తెరిచి తెరిచి బందులు ఊడొచ్చాయి" అంది ఆవిడ. నవ్వబోయింది గానీ పూర్తిగా రాలేదు. ఆయన తువ్వాలు ఒక చివర పట్టుకున్నాడు, ఆవిడ ఎడమచేత్తో రెండో చివర పట్టుకుంది. ఇద్దరూ పిండారు. మేకు మీద వెయ్యకుండా తీగ మీద ఆరేశారు.

సైకిలెక్కుతావా అని ఆయన అడగలేదు. ఎక్కుతానని ఆవిడా అనలేదు. రాత్రి ఆయన వండిన కూర తింటూ ఆవిడ ముఖం కాస్త చిట్లించింది. ఆయన కంచంలోకి చూస్తూ, "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

ఆవిడ ముద్ద ఆపి ఆయన వైపు చూసింది. "సరిపోయింది" అంది. కూర ఉప్పుకషాయంలా ఉంది.

సోమవారం పొద్దున్న ఆయన సైకిలు బయటికి తీశాడు. బ్రేకులు నొక్కి చూశాడు, టైర్లు నొక్కి చూశాడు, అద్దం సరిగ్గా వెనక్కి తిప్పాడు. సీటు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. తలుపు పక్కన సంచీ ఇంకా ఉంది. ఈసారి దాని మీంచి ఆయన చూపు తిప్పుకోలేకపోయాడు. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఎలా ఉండాలో తెలియదు. ఆ మాట నోటితో చెబుదామనుకునే లోపు ఆవిడ బయటికి వచ్చింది. చేతిలో సంచీ లేదు, సూదుల డబ్బా ఉంది.

"పదండి, ఆలస్యమవుతోంది."

"భయం లేదా?"

"ఉంది" అంది ఆవిడ.

ఆయన తన హెల్మెట్టు తీసి ఆవిడకి పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. "బోర్లించిన గిన్నెలా ఉన్నాను" అంది. "మరి మీకు?" అంది. "సాయంత్రం ఇంకోటి కొంటాను, అప్పటిదాకా మెల్లగా పోదాం" అన్నాడు. ఆవిడ మెత్త మీద కూర్చుని ఎడమచేత్తో ఆయన సీటు కింది కమ్మీ పట్టుకుంది.

వీధి దాటారు. పసుపు గోడల బడి దాటారు. వెనక నుంచి మాట లేదు. అలక కాదని ఆయనకి తెలుసు, మరి ఏమిటో తెలియలేదు. పెట్రోలు బంకు కనిపించింది. వేగం తగ్గించి, గడ్డం భుజానికి ఆనించి వెనక్కి చూశాడు.

రోడ్డు కంటే ముందు ఆవిడ ముఖం కనిపించింది. ఇన్నేళ్ళు ఒకే సైకిలు మీద తిరిగారు గానీ, వెనక కూర్చున్న ఆ ముఖాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు బిగబట్టి, వేళ్ళు తెల్లబడేలా కమ్మీని పట్టుకుని ఉంది. చూడ్డానికి వెనక కళ్ళు లేవు ఈ రోజు. ఉన్నవి ఆయనవే.

ఆవిడ తల పక్క నుంచి దూరంగా ఒక బస్సు వస్తూ కనిపించింది.

ఆయన ముందుకి తిరిగి, సైకిలుని పక్కగా నడిపించి, కాలు నేల మీద ఆనించాడు.

"వస్తోంది" అన్నాడు. బస్సుకి అనాల్సిన "వస్తోంది" ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు, ఎన్నిసార్లు విన్నాడో. అలాగే అన్నాడు.

బస్సు పక్క నుంచి గాలి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. కమ్మీ మీది వేళ్ళు ఆయన చొక్కా అంచుని పట్టుకున్నాయి.

"పోయింది" అన్నాడు.

వెనక నుంచి కాసేపటికి, చాలా మెల్లగా, "ఊఁ" అని వినిపించింది. ఆయన ఇంకోసారి వెనక్కి చూసి, చెయ్యి చాపి, మలుపు తిరిగాడు.